యాడ రాసుండాది?

పూతలపట్టు కూడలిలో జిరాక్సు అంగడి నడిపిన పెద్దమ్మ పోయిందని మొన్న ఆదివారం పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. రక్తసంబంధం ఏమీ లేదు, మా పక్కింటావిడ. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పొమ్మని ఎవరో అంటే, యాడ రాసుండాదని అడక్కుండానే పోయిందా ఈమె!

ఆ మాట ఆమెదే. పదో తరగతి తప్పింది గానీ, మిషన్ మీదికి వచ్చిన ప్రతి కాగితాన్నీ కళ్ళద్దాలు పెట్టుకుని చదివేది. ఒకరి కాగితాలు చదవడం తప్పు కదా అంటే, "సదవకుండా కాపీ తీసేది మిషను, నేను మనిషిని" అనేది. పెన్నును దారంతో బల్లకు కట్టి ఉంచేది. దరఖాస్తు నింపడానికి ఏ పిల్ల వచ్చినా చెడిపోయిన కాపీల వెనకవైపు ఒకసారి రాయించి, ఆ తర్వాతే అసలు కాగితం ముట్టుకోనిచ్చేది. "సంతకం పెట్టే ముందర సదవాల, సదివే ముందర కూసోవాల" అంటూ స్టూలు జరిపేది. భర్త పోయాక పింఛను రాదని ఎవరో చెబితే ఆరేళ్ళు నమ్మి ఊరుకుందట. ఆ మంట ఆమెలో చివరిదాకా ఆరలేదు.

నేను బ్యాంకు లోను మీద నర్సింగు చదివాను. తిరుపతిలో ఎమ్మెస్సీ సీటు వచ్చేనాటికి ఆ అప్పు అలాగే ఉంది. స్కాలర్‌షిప్పు వస్తేనే చేరగలను. దరఖాస్తులో 'ఇతర ఆర్థిక సాయం పొందుతున్నారా?' అన్నచోట నిజాయితీపరురాలిలా 'అవును, బ్యాంకు రుణం' అని రాశాను. ఎర్ర సిరాతో గీత కొట్టి తిప్పి పంపారు. "అప్పులోళ్ళకు నోరెక్కువ ఉండగూడదు, ఊరుకోవే" అంది అమ్మ. సీటు వదులుకుంటున్నానని ఉత్తరం రాసి, కాపీ కోసం అంగడికి వెళ్ళాను.

పెద్దమ్మ చదివింది. మిషన్ ఆపేసింది.

"ఏమే పాపా, బ్యాంకోడు నీకు సాయం సేసినాడా? వడ్డీతో సహా గుంజుకుంటాడు గదా! తిరిగి కట్టేది సాయమెట్లయితాదే, పిచ్చిమొగమా?"

నా ఉత్తరాన్ని చెడిపోయిన కాపీల కట్టలో పడేసింది. మరుసటి రోజు అంగడి మూసి, నన్ను తిరుపతి బస్సెక్కించి తనూ ఎక్కింది.

స్కాలర్‌షిప్పు ఆఫీసులో గుమాస్తా తలెత్తకుండానే అన్నాడు. "అప్పుండేవాళ్ళకు రాదమ్మా. రూలు."

"యాడ రాసుండాది నాయనా? సూపించు. నాకు అద్దాలుండాయి."

ఆయన విసుక్కుంటూ రూల్సున్న ఫైలు తీశాడు. పెద్దమ్మ వేలు పెట్టి ఒక్కో వరుసా పైకే చదివింది. వెనక లైనులో ఉన్నవాళ్ళు గొణుగుతున్నా ఆపలేదు. ఇంకో స్కాలర్‌షిప్పు తీసుకుంటూ ఉండకూడదని ఉంది. అప్పు అన్న మాటే లేదు.

"మేము ఎప్పుడూ ఇట్లే చేస్తా ఉండామమ్మా" అన్నాడాయన, ఈసారి తలెత్తి.

"ఎప్పుడూ సేసేది అలవాటు నాయనా. రూలు కాదు. ఇంకో దరఖాస్తు కాగితం ఇయ్యి."

'లేదు' అని రాయబోయి, పెన్ను ఎత్తి ఆమె వైపు చూశాను. "రాయి. అబద్ధం కాదది" అంది. దాని కిందే 'బ్యాంకు రుణం తిరిగి కట్టవలసినది' అని కూడా రాయించింది. దాచడానికి అందులో దొంగతనమేముంది అని అడిగింది. ఆ నెల స్కాలర్‌షిప్పు మంజూరైంది, నేను చేరాను. ఇప్పుడు తిరుపతిలోనే నర్సింగు పిల్లలకు పాఠం చెబుతున్నాను. అప్పు ఇంకా కొంచెం ఉంది. తలెత్తుకునే కడుతున్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం, నేను బస్సు దిగి ఊరు చేరాక పాడె లేచింది. వీధి చివర ఒక పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆడోళ్ళు ఈడికే నిలిసిపోవాల. శ్మశానానికి రాగూడదు."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "యాడ రాసుండాది పెద్దాయనా?"

నేను ఆ చేతిని దాటి నడిచాను. మూసి ఉన్న జిరాక్సు అంగడి దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, కొంగు నడుముకు బిగించి అమ్మ వస్తోంది.