వైరు పీకుడు

పొద్దున్నే నాచారం ఆఫీసులో కూర్చోగానే నీరజ హెడ్‌సెట్ తగిలించి పాట పెడుతుంది. పల్లవి మధ్యలో వైరు పీకేస్తుంది. కంప్యూటర్ తట్టుకుంటేనే టీకి లేస్తుంది.

కంప్యూటర్లలో శబ్దాన్ని నడిపే ఆడియో డ్రైవర్లను పరీక్షించడం ఆమె పని. నిరుడు ఓ కొత్త డ్రైవర్‌లో లోపం పట్టింది. శబ్దం ఎక్కడికి పంపాలో చెప్పే చిరునామా, వైరు పీకగానే ఖాళీ అవుతోంది. డ్రైవర్ అది చూసుకోకుండా ఆ ఖాళీలోకే వెళ్లి మొత్తం కంప్యూటర్‌ను పడగొడుతోంది. ఇలా ఖాళీ చిరునామాను వాడటాన్నే నల్ పాయింటర్ తప్పు అంటారు. తెలిసినవాడు చిన్న ప్రోగ్రాం రాసి, ఈ డ్రైవర్ ఉన్న ఏ కంప్యూటర్‌నైనా అలాగే పడేయగలడు.

మేనేజర్ గిరిప్రసాద్ అందరి ముందూ నవ్వాడు. "పాట మధ్యలో వైరు పీకేవాడెవడమ్మా, నువ్వు తప్ప?"

"బస్సు దిగెటోళ్లందరు పీకుతరు సర్."

ఆ రోజు నుంచి ఆమె పేరు 'వైరు పీకుడు'. డ్రైవర్ పని లాక్కుని, ఆమెను హెడ్‌సెట్లు వచ్చే అట్టపెట్టెలు సరిచూసే చోట కూర్చోబెట్టాడు. చిరునామా ఖాళీగా ఉందేమో చూడమని రాయడానికి బదులు, వైరు తీశాక డ్రైవర్ కాసేపు ఆగేలా రాసి, లోపం పోయిందన్నాడు.

ఆ డ్రైవర్‌ను కొనేవాళ్లు చూడ్డానికి వచ్చే ముందురోజు నీరజ మళ్లీ ప్రయత్నించింది. వైరు మెల్లగా తీస్తే బాగానే ఉంది. పెట్టి వెంటనే పీకితే పడిపోయింది. చెబుదామని గిరిప్రసాద్ గది దాకా వెళ్లింది.

"మన వైరు పీకుడికి పెట్టెలే నప్పాయి," అంటున్నాడు లోపల ఎవరితోనో.

ఆమె చెప్పకుండానే వెనక్కి తిరిగింది. ఆ సాయంత్రం ఉప్పల్ ఇంట్లో కడుపునిండా తిని పడుకుంది.

మర్నాడు కొనే కంపెనీ ఇంజినీర్ గీతిక ముందు గిరిప్రసాద్ వైరు తీశాడు. ఏమీ కాలేదు. గర్వంగా చూశాడు.

పెట్టెలు తెచ్చిన నీరజ గుమ్మంలోనే నిలబడింది. "సర్, జర పెట్టి ఎంబడే పీకున్రి. మీరు పీకితేనే బాగుంటది."

గీతిక తలూపింది. ఇక అతనికి తప్పలేదు. పాట గొంతు పట్టుకున్నట్టు ఆగింది, కంప్యూటర్ పడిపోయి తెర నీలంగా మారింది.

"ఇది ముందే ఎవరైనా చెప్పారా?" గీతిక అడిగింది.

నీరజ గిరిప్రసాద్ వైపే చూస్తూ నిలబడింది, అతను తలదించేదాకా.

ఇప్పుడు ఆ డ్రైవర్ పరీక్షలన్నీ నీరజవే. గిరిప్రసాద్ మేనేజర్ పదవి పోయి కింది అంతస్తులో పనిచేస్తున్నాడు. సాయంత్రం ఇద్దరూ ఒకే షేర్ ఆటోలో ఉప్పల్ దాకా వెళ్తారు. మాట్లాడుకోరు.