చుక్క తాగని వుకోసావ కాలేయం

షుమాదియా సీమలోని ఒక కొండపల్లెలో ఎవరింట ఆల్‌బుకరా సారా కాచినా మొదటి గ్లాసు వుకోసావ ముందుకే వచ్చేది. ఆవిడ తాగేది కాదు. రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని రుద్ది, వాసన చూసి, "కుళ్లిన పళ్లు కలిపావురా దొంగసచ్చినోడా" అని మొహం మీదే చెప్పేది. సారా విషయంలో ఆవిడ మాటకు ఎదురు లేదు.

అలాంటి మనిషికి కళ్లు పచ్చబడ్డాయి. ఒళ్లంతా దురద. ఊరి నోరు ఊరుకుంటుందా? "వాసన పేరు చెప్పి పీపాలు ఖాళీ చేసింది, ఇప్పుడు అనుభవిస్తోంది" అన్నారు. తిండి సహించక మనిషి సగమైనా, ఆవిడను కుంగదీసింది ఆ మాటే.

పట్నంలో కాలేయం ఆసుపత్రికి వెళితే, అక్కడ పని నేర్చుకుంటున్న కుర్ర డాక్టరు ఓగ్న్యెన్ అడిగాడు.

"సారా అలవాటుందా అమ్మా?"

"అలవాటేంటి బాబూ! ఊరందరి సారా నా చేతుల మీదుగానే పోతుంది!" గొప్పగా చెప్పింది. ఆ గొప్పే కొంప ముంచింది.

"మానెయ్యాలి మరి."

"తాగనిదాన్ని ఏం మానను?"

అతను నవ్వి, కాగితం మీద రాసుకున్నాడు. తాగేవాళ్లందరూ అనే మాటే కదా!

మర్నాడు పెద్ద డాక్టరు స్మిల్యా శిష్యులను వెంటబెట్టుకుని వచ్చింది. "సారాతో చెడిన కాలేయం" అని ఓగ్న్యెన్ ఒప్పజెప్పాడు. పక్కనే ఉన్న భర్త తిహోమీర్ తల దించుకున్నాడు. వుకోసావకు ఒళ్లు మండింది.

"చస్తే చచ్చాను డాక్టరమ్మా, తాగుబోతు పేరుతో మాత్రం నన్ను పాతిపెట్టకండి!"

"నీ చేతుల మీదుగా పోతుందన్నావట. ఎలా పోతుందో చూపించు."

గోడకున్న సీసాలోంచి, డాక్టర్లు చేతులకు రాసుకునే స్పిరిట్టు అరచేతిలో పోసుకుని రుద్దింది. వాసన చూసి మొహం తిప్పుకుంది.

"ఛీ! దీన్ని మా ఊరి పందులు కూడా ముట్టవు."

గదంతా గొల్లున నవ్వింది. స్మిల్యా నవ్వుతూనే శిష్యుడి వైపు తిరిగింది. "ఎంత తాగుతుందని అడిగావా?"

"లేదండీ."

"అయితే సూది పరీక్షకు రాయి."

సూదితో తీసిన కాలేయం ముక్కలో అసలు సంగతి బయటపడింది. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారితప్పి సొంత కాలేయాన్ని కొరుకుతోంది. దానికి మందుంది. మాత్రలు పడ్డాక మెల్లగా కళ్ల పచ్చన తగ్గింది, ఆకలి పుట్టింది. ముక్కూ మొహం తెలియని ఎందరో రోగులు పరిశోధనకు రక్తం ఇవ్వబట్టే ఆ వైద్యం కుదిరిందని స్మిల్యా చెబితే, వుకోసావ చెయ్యి చాచింది.

"నాదీ తీసుకోండి తల్లీ. రేపు ఇంకొకత్తి బతకాలి కదా!"

వాళ్లింటి దేవుడి పండుగకు ఎవరినీ పిలవడం ఆచారం కాదు. గుర్తున్నవాళ్లే వస్తారు. ఆసుపత్రిలో ఆవిడ చెప్పిన రోజు గుర్తుపెట్టుకుని, ఆ ఏడు ఓగ్న్యెన్ వచ్చాడు. గ్లాసులతో కూర్చున్న ఊరివాళ్ల మధ్య నిలబడి, "ఈ అమ్మ జబ్బుకూ సారాకూ సంబంధం లేదు. ముందు పొరబడింది నేనే" అన్నాడు.

చేతుల్లోని గ్లాసులు ఒక్కొక్కటే బల్ల మీదికి దిగాయి. వుకోసావ కళ్లు తుడుచుకుని, పండుగ రొట్టెలో పెద్ద ముక్క అతని కంచంలో పెట్టింది.

"తిను నాయనా. తిన్నాక ఈ పెద్దమనుషుల పొట్టలు కూడా కాస్త నొక్కి చూసి వెళ్లు."