లింబయ్య టంకం

లింబయ్య గురించి మంచిగా రాయడం నాకు చేతకాదు. ముప్పై ఏళ్లు ఆయన మీద కుళ్లుకున్నవాణ్ని. అయినా బోధన్‌లో ఆయన సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అభిమానించేవాళ్లకంటే ఓర్వలేనివాళ్లే మనిషిని ఎక్కువ గమనిస్తారు.

ఇద్దరిదీ ఒకటే పని. రేడియోలు, టేప్‌రికార్డర్లు, ఆంప్లిఫయర్లు బాగుచేయడం. ఆయన దుకాణం షక్కర్‌నగర్ దారిలో, నాది బస్టాండు వెనక. ఆయన దుకాణం ముందు చెప్పులుండేవి, నా దుకాణం ముందు ఈగలుండేవి. చెరకు బండ్లు చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు బారులు తీరిన రోజుల్లో రైతులు బండిని వరుసలో నిలిపి, మూగబోయిన రేడియో చంకన పెట్టుకుని ఆయన దగ్గరికే నడిచేవాళ్లు. ఆయనకు తీరిక లేకపోతేనే నా ముఖం చూసేవాళ్లు. ఆయన టంకం పెడితే ముత్యంలా ఉండేది. నాది పిట్ట రెట్టలా ఉండేది. ఇది నేను చెప్పుకుంటే సరే, ఇంకొకరంటే ఊరుకోను.

ఒకసారి హోటల్లో నలుగురి ముందు ఆయన, "కృష్ణ పని మంచిదే, జర తొందరెక్కువ" అన్నాడు. నేను రెండో సగమే విన్నాను. ఆ రోజు నుంచి మా మధ్య మాటల్లేవు.

ఫ్యాక్టరీ మూతపడింది. రేడియోల కాలం పోయింది. లింబయ్యకు చేతుల్లో వణుకు మొదలై, దుకాణం మూసేసి చందూర్‌లో కూతురింటికి చేరాడు. నేను సెల్‌ఫోన్లు బాగుచేస్తూ నెట్టుకొస్తున్నాను. పోయిన నెల బాపురావు పాత స్టీరియో ఆంప్లిఫయర్‌ను ఆటోలో తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. ఎప్పుడో ఓ ఇంజనీరు బదిలీ మీద పోతూ ఇచ్చిన పెట్టె అది.

"ఎడమ దిక్కు డబ్బ మోగుతలేదు కృష్ణా. లింబయ్య ఉన్నన్నాళ్లు నాకు ఫికర్ లేకుండె" అన్నాడు.

"ఇప్పుడు నేనున్న గద" అన్నాను, పెట్టెను నా వైపు లాక్కుంటూ.

అడుగు రేకు విప్పి బోర్లా పక్కన పెట్టి, దాని మీద టీ గ్లాసు పెట్టుకుని పనిలో పడ్డాను. ఎడమ వైపు చిన్న ట్రాన్సిస్టర్ ఒకటి కాలిపోయింది. లింబయ్య వేసిందే, టంకం చూస్తే తెలుస్తోంది. కానీ దాని మూడు కాళ్లలో రెండు ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా పోయి, ఒకదాని చోట ఇంకొకటి దిగి ఉన్నాయి. కుడివైపు ట్రాన్సిస్టర్ కాళ్లు మాత్రం సీదాగా ఉన్నాయి. నా సంతోషం ఏం చెప్పను! ముప్పై ఏళ్లకు దొరికాడు. ఇంట్లోంచి నా భార్య జ్యోతిరాణిని పిలిచాను.

"సూడు మీ లింబయ్యన్న పనితనం. కాళ్లు తారుమారు పెట్టిండు."

"మరి గిన్నేండ్లు ఎట్ల మోగింది?" అంది.

నీకేం తెలుసని కసిరాను. నిజామాబాద్ పోయి కాలిపోయినదాని మీదున్న నంబరుదే ఇంకో ట్రాన్సిస్టర్ తెచ్చి, కాళ్లు సీదా చేసి, చక్కగా టంకం పెట్టాను. స్విచ్చి వేశాను. ఎడమ స్పీకరు గుర్రుమని ఊరుకుంది.

నకిలీ సరుకు అంటగట్టాడని దుకాణంవాణ్ని తిట్టుకుంటూ మళ్లీ నిజామాబాద్ పోయి ఇంకోటి తెచ్చాను. అదే గుర్రు. కెపాసిటర్లు మార్చాను. వాల్యూమ్ తిప్పే మీట విప్పి తుడిచాను. స్పీకర్లు అటుదిటు చేసి చూశాను. మూడు రోజులు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను. మూడో రోజు బాపురావు వచ్చాడు.

"రేపటికల్ల గాకపోతే చందూర్ తీస్కపోత. లింబయ్య చేతులు వణికితేంది, పక్కన కూసోని చెప్తే చాలు."

పెట్టె చందూర్ పోతే నా బతుకంతా పోయినట్టే. చేతులాడని లింబయ్య ముందు కూడా ఓడిపోతే ఇక నేనేం మెకానిక్‌ని? అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున జ్యోతిరాణి బల్ల తుడుస్తూ టీ గ్లాసు తీసి, ఆ రేకు తిరగేసింది.

"గిండ్ల నీ పేరున్నది" అంది.

రేకు లోపలి వైపు నల్ల పెన్నుతో, గుండ్రటి అక్షరాలు. "కృష్ణా, అసలు ట్రాన్సిస్టర్ దొరకలే. వేరే నంబరుది వేసిన. దీని కాళ్ల వరుస వేరే ఉన్నది, అందుకే అడ్డం పెట్టిన. సీదా చెయ్యకు. లింబయ్య, 2009."

అప్పటికి మా మధ్య మాటల్లేక ఎన్నో ఏళ్లు. ఆయన దుకాణం ముందు చెప్పులకు కొదవ లేదు. అలాంటప్పుడు, తన తర్వాత ఈ పెట్టె విప్పేది నేనేనని ఎలా అనుకున్నాడు? పైగా నేను సీదా చేస్తానని కూడా తెలుసు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆయన నన్ను లెక్కలోకే తీసుకోలేదని ఏడ్చిన ఏళ్లన్నీ గుర్తొచ్చాయి.

కొత్త ట్రాన్సిస్టర్ కాళ్లు అడ్డం పెట్టి టంకం వేశాను. ఈసారి తొందరపడలేదు. రెండు స్పీకర్లూ మోగాయి. బాపురావు కళ్లు మూసుకుని చాలాసేపు విని, "లింబయ్య చేసినప్పుడు సుత గింత సాఫ్ లేకుండె" అన్నాడు.

ముప్పై ఏళ్లు ఎదురుచూసిన మాట. అయినా ఉంచుకోబుద్ధి కాలేదు.

"లేదు సార్, ఇది లింబయ్యన్న పనే. నేను జెడగొట్టి మళ్ల పెట్టిన" అన్నాను.

ఆయన నమ్మలేదు, నవ్వాడు. ఇక ఈ పెట్టె విప్పే మెకానిక్ బోధన్‌లో ఇంకొకడు లేడు. అయినా రేకు బిగించే ముందు లింబయ్య మాటల కింద రాశాను. "అన్నా, సీదా చేసిన. మళ్ల అడ్డం పెట్టిన. కృష్ణ."

రాసి చూసుకున్నాను. ఆయన చేతిరాతే బాగుంది. దానికీ మండింది.