భీమా నింపిన పన్నెండు డబ్బీలు

నా తెలివితక్కువతనం వల్ల ఒక్క పూటలో పన్నెండు మందికి టీబీ వచ్చింది. అందులో నేనూ ఒకణ్ణి. కంగారు పడకండి, కాగితం మీదే లెండి.

ఉప్పల్‌లో స్టేడియం లేస్తున్న రోజులవి. నాచారంలో ఓ బకెట్ల ఫ్యాక్టరీకి నేను కొత్త సూపర్‌వైజర్‌ని. మీసం ఇంకా సరిగా రాలేదు గానీ గొంతు మాత్రం ఓనర్‌ది. ఒరిస్సా నుంచి వచ్చిన పదకొండు మంది కూలీలు వెనక రెండు గదుల్లో ఉండేవాళ్లు. ఒకరోజు సర్కారు దవాఖానా సిస్టర్ వచ్చి నా చేతిలో పన్నెండు డబ్బీలు పెట్టింది.

"టీబీ పరీక్ష తమ్మీ. పొద్దుగాల లేవంగనే గట్టిగ దగ్గి తెమడ తియ్యాలె. ఉమ్మి కాదు. నువ్వు గూడ ఇయ్యాలె."

"ఫికర్ జెయ్యకు సిస్టర్, నేనున్న గద!"

నేనుండడమే ప్రమాదమని పాపం ఆమెకేం తెలుసు? కూలీల్ని వరసగా నిలబెట్టి ఉపన్యాసం దంచాను.

"ఎవనికన్న టీబీ ఉన్నదని తేలిందో, పని బంద్! తెల్లారి రైలెక్కుడే!"

భయపెడితే శ్రద్ధగా ఇస్తారని నా లెక్క.

మర్నాడు పావుగంట దగ్గాను. కళ్లల్లో నీళ్లొచ్చాయి, తెమడ రాలేదు. కూలీల్లో ఒకడైన భీమా చూసి జాలిపడ్డాడు. రెండు మూటలు ఒకేసారి మోసే మనిషి.

"డబ్బీ ఇటియ్యి సార్. నాకు మస్తు వస్తది."

ఇచ్చాను. సిగ్గులేదా అంటారేమో, ఉంది. అందుకే తలుపేసి మరీ ఇచ్చాను.

వారం తిరక్కుండా సిస్టర్ రొప్పుతూ వచ్చింది.

"పన్నెండు డబ్బీలిస్తే పన్నెండిట్ల టీబీ! గిదేం ఫ్యాక్టరీ తమ్మీ?"

"నాది గూడనా?"

"నీది గూడ."

"అది నాది కాదు సిస్టర్... భీమాది."

"మరి మిగిలినయి?"

పది తలలు భీమా వైపు తిరిగాయి. పని పోతుందన్న భయంతో, గట్టివాడు గదా అతనికి టీబీ ఉండదని, అందరూ అతనితోనే నింపించుకున్నారట!

భీమా మూట దించాడు. "నేను రైలెక్కాల్నా సార్?"

నా మాటే అది. అతని నోట వినేసరికి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"లేదు భీమా. నేనే తప్పు మాట్లాడిన."

"ఆర్నెల్లు మందులు మింగితే తగ్గుతది, పైసలక్కర్లేదు" అంది సిస్టర్. "తగ్గినంక పని జేసుకోవచ్చు."

ఓనర్‌తో కొట్లాడి భీమా పని నిలబెట్టాను. అతనికి నయమైంది. మిగతా పదకొండు మందిమీ సిస్టర్ కళ్లముందే మళ్లీ దగ్గాం, మొదటి వంతు నాదే. ఎవరికీ ఏమీ లేదు.

ఆ రోజే ఖాళీ డబ్బీ మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: రోగం పేరు చెప్పి ఎవర్నీ బెదిరించను. తెమడ రాకపోతే సాయంత్రం దాకా దగ్గుతాను గానీ, పక్కవాడి ఊపిరితిత్తుల్ని నా పేరున రాయించుకోను.