నర్సంపేట నుంచి హన్మకొండకు ఒక జపాన్ పాటతో

ఉదయం ఏడుంబావుకు నర్సంపేట బస్టాండులో ఉన్నాం, నేనూ మా అమ్మాయి షారోనూ. పదింటికి హన్మకొండలో పాటల పోటీ. షారోన్ పాడబోయేది ఒక కొరియా అబ్బాయిల బృందం జపాన్ భాషలో పాడిన పాట. విడుదలైన వారమే జపాన్‌లో ఒకటో స్థానానికి ఎక్కిందట. కొరియా వాళ్లు జపాన్ భాషలో పాడటమేమిటో, దాన్ని నర్సంపేట పిల్ల హన్మకొండకు మోసుకుపోవడమేమిటో! నాలుగు నెలలుగా ఇంట్లో అదే పాట. తాలింపు వేస్తున్నా అదే, బట్టలు ఆరేస్తున్నా అదే. విసుగొచ్చి ఫోను దాచేసిన రోజులూ ఉన్నాయి. కానీ మొదటి ముగ్గురిని హైదరాబాద్ ఫైనల్‌కు పంపుతారు. పిల్ల ఆశంతా దానిమీదే.

ఏడున్నర బస్సు ఎనిమిదికి వచ్చింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు సున్నా, సీటూ సున్నా. నిలబడే షారోన్ పెదవులు కదుపుతుంటే, పక్క సీట్లోని ముసలమ్మ ఊరుకోలేదు.

"ఏం సదువుతానవ్ బిడ్డా, పరీచ్చనా?"

"పాట అమ్మమ్మా. జపాన్ పాట."

"గట్ల లోపల్లోపల పాడితే ఎవలకు ఇనపడ్తది? జర గట్టిగ పాడు."

తొమ్మిదికి ఎనుమాముల మార్కెట్ దగ్గర బస్సు ఆగిపోయింది. ముందు మిర్చి బస్తాల లారీలు, వెనక మిర్చి బస్తాల ట్రాక్టర్లు. బస్సంతా తుమ్ములు, దగ్గులు. "కిటికీలు మూయుండ్రి!" అని అరిచాను.

"మూస్తే ఉక్కతోని సస్తం అక్కా," అన్నాడు కండక్టర్.

నలభై నిమిషాలు అలాగే ఉన్నాం. మిర్చి సీజన్‌లో ఈ దారిన వచ్చేవారు తడి రుమాలు తెచ్చుకోండి. నాకా బుద్ధి లేకపోయింది. షారోన్ గొంతు బొంగురుపోయింది.

వరంగల్‌లో దిగి, ఆటో పట్టుకుని, పదీ ఇరవైకి హాలు చేరాం. ఆలస్యమైందని షారోన్‌ను అందరికంటే చివర పెట్టారు. చెరో చాయ్ తాగి కూర్చున్నాం.

పన్నెండుంబావుకు షారోన్ వంతు వచ్చింది. పల్లవి బాగానే ఎత్తుకుంది. తర్వాత ఒక చరణం మధ్యలో గొంతు పట్టేసి ఆగిపోయింది. మా చర్చిలో పాడేవాళ్ల గొంతు ఆగితే ఎవరూ చూస్తూ కూర్చోరు. ముందు బెంచీలోంచి ఒకరు అందుకుంటారు, మిగతావాళ్లు కలుస్తారు. చిన్నప్పటి నుంచీ నాకు తెలిసిన పద్ధతి అదే. లేచి అందుకున్నాను. ఒక్క ముక్క అర్థం తెలియని ఆ పాట నా నోట్లోంచి గడగడా వచ్చేసింది. ఎవరూ కలవలేదు. హాలంతా నావైపు తిరిగింది.

"బయటివాళ్లు అందిస్తే మార్కులుండయ్ అమ్మా," అన్నాడు జడ్జి మైకులో. "మీ అమ్మాయి పేరు తీసేస్తున్నం."

సిగ్గుతో చచ్చిపోయాను.

రెండింటి బస్సులో సీట్లు దొరికాయి. షారోన్ కిటికీవైపు తిరిగి కూర్చుంది. బస్సు ఊరు దాటింది.

"నా వల్లనే నీ ఫైనల్ పోయింది బిడ్డా," అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

"గొంతు ముందుగాలనే పోయింది మమ్మీ. నువ్వు లేవకున్నా నేను గెలుస్తుంటినా?" అంది. అప్పుడు నావైపు తిరిగింది. "గని నేను ఆగింది రెండో చరణంల. నువ్వు పాడింది మూడోది."

నర్సంపేట ఇంకా ముప్పావుగంట ఉంది. నా చెవి దగ్గరికి వంగి, ఆ బొంగురు గొంతుతోనే రెండో చరణం ఒక్కో మాటా చెప్పడం మొదలుపెట్టింది. నేను వెంట అన్నాను. ఆ పాట నాకు ఇప్పటికీ నచ్చలేదు. బస్సు దిగేసరికి మాత్రం ఆ చరణం సగం వచ్చేసింది.