సచిన్ దాకా వెళ్లి పాత కారుకు కొత్త ఇగ్నిషన్ వేయించాను

మావారికి వారానికి మూడు డయాలిసిస్‌లు. కరోనా రెండో ఏడాది. ఎవరెవరో ఎక్కి దిగిన ఆటోలో ఆయన్ను కూర్చోబెట్టడం ఇష్టంలేక, మా నలభై ఐదేళ్ల అంబాసిడర్‌ను నేనే నడిపేదాన్ని. గురువారం డయాలిసిస్ ముగిసి ఆయన బయటికి వచ్చి కారులో కూర్చుంటే అది స్టార్టు కాలేదు. నలభై నిమిషాలు ఎండలో నీరసంగా కూర్చున్నారు, ఒక్క మాట అనలేదు. చివరికి ఎవరో తోస్తే కదిలింది. శనివారం మళ్లీ వెళ్లాలి. అందుకే శుక్రవారం ఊరి శివారు సచిన్‌లోని మెకానిక్ దగ్గరికి ప్రయాణం పెట్టుకున్నాను.

ఏడున్నరకు మేముండే అడాజణ్‌లో బయలుదేరి ఉధనా, పాండేసరా, ఉన్ మీదుగా ఇరవై రెండు కిలోమీటర్లు వెళ్లాను. అది మిల్లు షిఫ్టు మారే వేళ. బస్సులు, బైకుల మధ్య కారు రెండుసార్లు ఆగింది. మీరు తొమ్మిది దాటాక బయలుదేరడం మేలు.

మెకానిక్ మల్లేశం జగిత్యాల వైపువాడు. బానెట్ ఎత్తి, ప్లగ్గులకు కరెంటు అందించే పాయింట్లు విప్పి చూపించాడు. నల్లగా మాడిపోయాయి.

"ఏందమ్మా ఇది? మొన్న దీపావళికే కొత్తయి ఏసిన గద."

"నాసిరకం వేసి ఉంటావు. బిల్లు నా దగ్గరుంది."

"బిల్లు సంగతి తర్వాత. బండి ఆపి చాబీ ఆన్‌ల పెడ్తున్నరా?"

"రేడియో కోసం. కరోనా అని నన్ను ఆస్పత్రిలోకి రానివ్వరు. నాలుగు గంటలు కార్లోనే ఉండాలి."

"గదీ సంగతి! ఇంజన్ బందైనా చాబీ ఆన్‌ల ఉంటే కరెంటు పారుతనే ఉంటది. పాయింట్లు అతుక్కొని ఆగినయనుకో, మాడిపోతయి."

ఇంట్లో ఎవరు లైటు ఆర్పకపోయినా కేకలు వేసేదాన్ని నేను.

పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ కిట్ వేయమన్నాను. "దీంతోనైతే రేడియో వినొచ్చా?"

"గిది ఇంకా నాజూకు! చాబీ ఆన్‌ల మరిస్తే కిట్టే పోతది. టీచరమ్మకు నేను పాఠం చెప్పుడాయె!"

పాయింట్లు తీసిన చోట కిట్ బిగించి, ప్లగ్గులకు కరెంటు అందే టైమింగ్ సరిచేయడానికి గంటన్నర పట్టింది. కిట్ రెండువేల ఎనిమిది వందలు, కూలి ఐదు వందలు. కిట్ ఎప్పుడైనా మొరాయిస్తే మళ్లీ వేసుకోవడానికి కొత్త పాయింట్ల జత ఒకటి డిక్కీలో పెట్టించాను.

శనివారం ఆయన వచ్చి కూర్చోగానే ఒక్క తిప్పుకే స్టార్టయింది. "మల్లేశం మంచి పనివాడు," అన్నారు. తప్పు కారుదీ కాదు, మల్లేశానిదీ కాదు, నాదేనని అప్పుడు చెప్పాను. "రేడియో మోగుతుంటే గురువారమే అనుకున్నాను. నువ్వు అసలే కంగారుగా ఉన్నావని ఊరుకున్నాను," అన్నారు. ఆ ఎండలో ఆయన ఎందుకు మాట్లాడలేదో నాకు తెలిసింది.

పాత కారులో ఎవరికోసమైనా ఎదురుచూడాల్సి వస్తే, ఇంజన్ ఆపగానే తాళంచెవి తీసి సంచిలో వేసుకోండి. పాటలకు బ్యాటరీ రేడియో విడిగా కొనుక్కోండి. నేను కొన్నాను, ఆయనకు నచ్చిన స్టేషనే పెడుతున్నాను.