మూత బిగించిన ట్యాంకు

రూములో ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే విసుక్కుని బయటికి వెళ్లిపోయే రకం నేను. ఇప్పుడూ నమ్ముతున్నానని అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

సౌదీలోని జుబైల్‌లో ఫ్యాక్టరీల పక్కనే మా క్యాంపు. తెల్లారకముందే లేవడం, కంపెనీ బస్సు ఎక్కడం, పొగ గొట్టాల కింద పని, మళ్లీ బస్సు. నాది ట్యాంకు నోటి దగ్గర కాపలా పని. లోపలికి దిగే ప్రతి మనిషీ తన పేరున్న ట్యాగును నా బోర్డుకు తగిలించి దిగాలి. పైకి వచ్చాక తీసుకోవాలి. బోర్డు మీద ఒక్క ట్యాగు ఉన్నా నేను కదలకూడదు. లోపల ఏం జరిగినా నేను మాత్రం దిగకూడదు. కాపలావాడు కూడా లోపల పడిపోతే మనుషుల్ని పిలిచేవాడే ఉండడని ఆ రూలు.

నా బామ్మర్ది మల్లేశ్‌ను ఇక్కడికి తెచ్చింది నేనే. నాలుగేళ్లు నేను కాపలా ఉన్న ట్యాంకుల్లోనే పనిచేశాడు. గాలి ఫ్యాన్ల మోతలో మాట వినిపించదు. అందుకని లోపలి నుంచి స్పానరుతో గోడ మీద మూడు దెబ్బలు కొట్టి, ఆగి, ఇంకొకటి కొట్టేవాడు. నేను బయటి నుంచి రెండు కొట్టేవాణ్ని. ఉన్నానని వాడు, ఉన్నానని నేను. ఇది మా ఇద్దరికే తెలుసు. తర్వాత కంపెనీ వాణ్ని ఖమీస్ ముషైత్‌కు మార్చింది. అది దేశానికి ఆ కొస.

ఆ రోజు సాయంత్రం నాలుగు కావస్తోంది. నా ట్యాంకులోంచి ముగ్గురూ పైకి వచ్చి ట్యాగులు తీసుకున్నారు. ఫ్యాను ఆపేశారు. మూత పెట్టబోతుంటే లోపల మూడు దెబ్బలు. ఆగి, ఇంకొకటి.

అలవాటు కొద్దీ నా చెయ్యి రెండు కొట్టింది. మళ్లీ మూడు, ఒకటి. టార్చి వేసి మూలమూలా చూశాను, ఎవరూ లేరు. ఎండకు వేడెక్కిన ఇనుము చల్లారేటప్పుడు చప్పుడు చేస్తుంది, అది నాకు తెలియనిదేం కాదు. కానీ ఇనుము లెక్కపెట్టి కొట్టదు కదా. అరగంట సేపు జవాబు ఇస్తూనే ఉన్నాను. మా ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు, మల్లేశ్‌కు ఫోన్ చేద్దామన్నా దారి లేదు.

సూపర్‌వైజర్ పాకిస్తానీ, మంచివాడే. వచ్చి చెవి ఆనించి విన్నాడు. అతనికేమీ వినిపించలేదు.

"బోర్డ్ పే కోయీ ట్యాగ్ హై?"

"నహీ, భాయ్."

"తో అందర్ కౌన్ హోగా? బంద్ కరో."

ట్యాగు లేకపోతే లోపల ఎవరుంటారు, మూసెయ్యమన్నాడు. మూసేశాను. బోల్టులు బిగిస్తుంటే కూడా అది కొడుతూనే ఉంది. నేను మాత్రం తిరిగి కొట్టలేదు.

రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడు ఖమీస్ నుంచి ఫోన్ వచ్చింది. ఆ సాయంత్రం నాలుగు కాకముందే మల్లేశ్ ట్యాంకులో రంగు పని ముగించి, పైకి వచ్చి ట్యాగు తీసుకున్నాడట. లోపల మరచిన టార్చి కోసం, నిమిషం పనే కదా అని ట్యాగు తగిలించకుండానే మళ్లీ దిగాడట. బోర్డు ఖాళీగా కనబడేసరికి అక్కడి కాపలావాడు మూత బిగించేశాడు. బస్సులో ఒక మనిషి తక్కువయ్యాక గాని తెరవలేదు. ఆ రంగు వాసనలో వాడు రెండు గంటలు ఉన్నాడు.

వాడికి మాట రావడానికి వారం పట్టింది. ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు.

"మూత వడ్డంక గోడకు కొట్టిన బావా. నువ్వు రెండు కొట్టినవ్. గది ఇనవడ్డంత సేపు భయం కాలే. బావ ఉన్నడు, తీస్తడు అనుకున్న." చాలాసేపు దగ్గాడు. "మరి నడుమల ఎందుకు ఆపినవ్?"

వాడు ఉద్యోగం వదిలి, ఎగ్జిట్ వీసా మీద ఇంటికి వెళ్లిపోయాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. మా ఆవిడకు ప్రమాదం సంగతే తెలుసు, ఈ చప్పుళ్ల సంగతి తెలియదు.

ఖమీస్‌లో కొట్టింది జుబైల్‌లో ఎలా వినిపించిందో నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు. ఎందుకు ఆపానో మాత్రం తెలుసు. బోర్డు ఖాళీగా ఉంది, బస్సుకు టైమైంది. ఆ మాట వాడికి ఇంకా చెప్పలేదు.